నాలుగు తొమ్మిదులు

ఆదివారం ఆరాధన అయ్యాక పోర్ట్‌బ్లెయిర్‌లోని మా తెలుగు చర్చి వరండాలో టీ పోస్తారు. ఆ గ్లాసు చేత్తో పట్టుకుని నేను ఒక కథ చెప్పేవాణ్ణి. రిటైరై ఇంట్లో కూర్చున్న నన్ను ఆఫీసువాళ్ళు జీపు పంపి పిలిపించారు. మెయిన్‌లాండ్ ఇంజినీర్లు చేతులెత్తేసిన సాఫ్ట్‌వేర్ అది. పదిమంది ఊపిరి బిగబట్టి చూస్తుండగా మూడు గంటలు సర్వర్ లోపలికంటా దిగి, ఎక్కడో తెగిన పోగు పట్టుకుని ముడివేశాను. నెలరోజులుగా ఆగిపోయిన ఫెర్రీ ఆ సాయంత్రమే చాతం నుంచి బాంబూఫ్లాట్‌కి కదిలింది. పైగా, తెలియక తప్పు చేసిన ఒక అమ్మాయి మీద చర్య తీసుకోకుండా ఆఫీసరుకి అడ్డం పడ్డాను.

ఇందులో జీపు నిజం. నెల కాదు, తొమ్మిది రోజులు. పదిమంది కాదు, ఒక్కరూ లేరు. అందర్నీ నేనే బయటికి పంపించాను. మిగతాది ఒక్కొక్కటే చెబుతాను. అన్నిటికంటే ముందు చెప్పవలసిందేమిటంటే, ఆ అమ్మాయి ఏ తప్పూ చేయలేదు. ఇప్పుడు ఆమె చూపు లేని తల్లిని వెంటబెట్టుకుని కాంప్‌బెల్ బేలో ఉంటోంది. ఇక్కడి నుంచి ఓడలో రెండు రోజుల ప్రయాణం. ఆమెను అక్కడికి పంపింది నేను.

మా ఆఫీసు హాడోలో, జెట్టీ పక్కనే. ఫెర్రీలకీ చిన్న ఓడలకీ కావలసిన సామాను ఉంచే ప్రభుత్వపు స్టోర్సు. బోల్టు, బేరింగు, తాడు, పంపు, అన్నీ అక్కడి నుంచే వెళ్ళాలి. నేను స్టోర్ సూపరింటెండెంట్‌ని. ఈ దీవులన్నిటికీ కంప్యూటర్ నేర్పింది నేనే అని చెప్పుకుంటూ తిరిగాను. నేర్పింది పదకొండుమందికి. వాళ్ళలో ఇద్దరు నాకంటే ముందే నేర్చుకుని వచ్చి, పెద్దవాడినని మర్యాదకి కూర్చున్నారు.

పాత రోజుల్లో సామాను కావాలంటే ఇండెంటు కాగితం మీద రాసి, సంతకం పెట్టించుకుని, స్టోర్సు కిటికీలోంచి లోపలికి ఇచ్చేవారు. తరువాత ఆ పెద్ద సాఫ్ట్‌వేర్ వచ్చింది. సెలవు చీటీ నుంచి ఓడ ఇంజను దాకా అన్నీ దానిలోంచే నడవాలన్నారు. సముద్రం కింద కేబుల్ పడక ముందు ఆ తెర తెరుచుకునేలోగా మనిషి వెళ్ళి టీ తాగి, జెట్టీలో ఏ ఓడ ఉందో చూసి రావచ్చు. అందుకే మా ఆఫీసులో ఏ తప్పు జరిగినా మొదటి ముద్దాయి నెట్టే. కేబుల్ వచ్చి నెట్ బాగుపడ్డాక ఆ నింద వేయడానికి మనుషులు కావలసి వచ్చారు.

సాఫ్ట్‌వేర్‌లో ఇండెంట్లకి రెండు దారులు. మామూలు ఇండెంటు సెక్షన్‌లోనే ఆమోదమై సామాను బయటికి వెళ్ళిపోతుంది. అత్యవసరం అని గుర్తు పెట్టినది మాత్రం ఆఫీసరు బల్ల మీదికి వెళ్ళాలి. ఆయన ఒక మీట నొక్కాలి. అప్పుడు స్లిప్ వస్తుంది. స్లిప్ వస్తేనే సామాను.

అయితే మా ఆఫీసర్లందరూ మెయిన్‌లాండ్ నుంచి వచ్చేవారే. సంవత్సరంలో రెండుసార్లు సొంత ఊరు వెళ్తారు. వెళ్ళినవాళ్ళు చెప్పిన తేదీకి వచ్చిన దాఖలా లేదు. తుఫాను, విమానం రద్దు, కూతురి పరీక్షలు. ఆయన లేనప్పుడు అత్యవసరాలు ఆగిపోకూడదని సాఫ్ట్‌వేర్‌లో ఒక ఏర్పాటు ఉంది. ఆఫీసరు కుర్చీకి బదులు మనిషిని పెట్టుకోవచ్చు. ఎవరు, ఏ తేదీ నుంచి, ఏ తేదీ దాకా. మూడే మూడు గడులు.

ఒక ఆఫీసరు అలాగే సెలవు మీద వెళ్తూ, "దాదా, ఆప్ దేఖ్ లేనా" అని నాకు అప్పగించి వెళ్ళాడు. ఆయన పాస్‌వర్డ్ చీటీ మీద రాసి బల్ల అద్దం కింద ఉండేది. మా దగ్గర అందరి పాస్‌వర్డులూ అద్దాల కిందే. నేను ఆయన కుర్చీలో కూర్చుని, బదులు మనిషి గడిలో నా పేరు వేసుకున్నాను. మొదటి తేదీ ఆ రోజుది. ఆఖరి తేదీ మూడు వారాల తరువాతది వేయాలి. నేను సంవత్సరం గడిలో నాలుగు తొమ్మిదులు వేశాను.

ఆ తొమ్మిదుల కిటుకు మాకు శిక్షణ ఇవ్వడానికి వచ్చిన మెయిన్‌లాండ్ ఆయన చెప్పినది. గడువు లేని వస్తువుకి అలా వేస్తే మళ్ళీ మళ్ళీ తెరవక్కరలేదని. ఆయన చెప్పింది రేకు డబ్బాల గురించి, ఇనుప గొలుసుల గురించి. నేను నాకు వేసుకున్నాను. ప్రభువు రాకడ దాకా ఆ కుర్చీకి బదులు మనిషిని నేనే.

ముందుచూపు అని చెప్పుకున్నాను. ఇంకెవరైనా సెలవు పెడితే మళ్ళీ పని ఉండదని. అసలు సంగతి వేరు. పొద్దున్నే కంప్యూటర్ తెరవగానే నా పేరు పక్కన ఎర్ర అంకె కనిపించేది. ఇన్ని పనులు నీ కోసం ఆగి ఉన్నాయని ఆ అంకె చెప్పేది. ఇంట్లో నా మాట కోసం ఏ పనీ ఆగేది కాదు. ఆ అంకె నాకు ఇష్టమైంది.

తరువాత నలుగురు ఆఫీసర్లు మారారు. ఏర్పాటు కుర్చీకి గాని మనిషికి కాదు కనుక, కొత్తగా వచ్చిన ప్రతివాడి అత్యవసరాలూ నా దగ్గరికే వచ్చేవి. నేను నొక్కేవాణ్ణి, సామాను వెళ్ళేది. ఒక్కరూ అడగలేదు. అత్యవసరాలు లేని ఆఫీసు దొరికిందని సంతోషించారు కాబోలు.

ఇక ఆ అమ్మాయి. ఇక్కడి డిగ్నాబాద్ పేటలో ఉండేది, తల్లితో. ఇద్దరే. తండ్రి పోయాక మా స్టోర్సులో ఉద్యోగం ఇచ్చారు. మా చర్చే. తల్లికి షుగరు వల్ల రెండు కళ్ళూ పోయాయి, కాని గొంతు పోలేదు. పాటల పుస్తకంలో ఏ పాట చెప్పినా నాలుగు చరణాలూ పాడుతుంది. కూతురికి తెలుగు మాట్లాడటం వచ్చు గాని చదవడం కూడబలుక్కోవాలి. తల్లి పాడుతుంటే హిందీ అక్షరాల్లో రాసుకుని నేర్చుకునేది. ఆవిడ ఇంట్లోంచి వీధి మొదలు దాకా, అక్కడి నుంచి చర్చి దాకా ఒంటరిగా వెళ్ళగలదు. ఏ మెట్టు ఎక్కడుందో, ఏ గోడ ఎక్కడ మలుపు తిరుగుతుందో కాళ్ళకి తెలుసు. ఆ పేట దాటితే ఆవిడ నిజంగా గుడ్డిది.

ఆ అమ్మాయికి స్టోర్సు కౌంటర్ పని నేర్పింది నేనే. ఇది మాత్రం పెంచి చెప్పడం లేదు. మొదటి రోజు ఒకటే చెప్పాను.

"స్లిప్ లేకుండా నీ కన్నతండ్రి వచ్చి అడిగినా బోల్ట్ కూడా బయటికి ఇవ్వకూడదమ్మా."

"నాన్న లేడు కదా అంకుల్," అంది.

"మరీ మంచిది. ఇంకెవరికీ ఇవ్వకు."

నవ్వింది. నేర్చుకుంది. ఎంత బాగా నేర్చుకుందంటే, నేను రిటైరయ్యే నాటికి నా తప్పులు కూడా తనే దిద్దేది, నాకు చెప్పకుండా.

నేను రిటైరయ్యాను. దండ వేశారు, గోడ గడియారం ఇచ్చారు. మర్నాడు పర్సనెల్ సెక్షన్‌వాళ్ళు నా లాగిన్ మూసేశారు. అది పద్ధతి. కాని కుర్చీకి బదులు మనిషి గడిలో నా పేరు అలాగే ఉంది, నాలుగు తొమ్మిదులతో. తీయడం మరిచిపోయాను.

రెండు వారాలు ఏమీ కాలేదు. మామూలు ఇండెంట్లు వెళ్తూనే ఉన్నాయి. ఆగిన ఒకటిరెండు అత్యవసరాలు ఎవరికీ పట్టలేదు. అప్పుడు బాంబూఫ్లాట్ ఫెర్రీ ఒకదానిలో ఇంజను చల్లబరిచే నీటి పంపులో రబ్బరు చక్రం అరిగిపోయింది. అరచేతిలో పట్టేంత వస్తువు. అది లేకపోతే ఇంజను వేడెక్కిపోతుంది, బండ్లు ఎక్కించుకునే ఆ పెద్ద ఫెర్రీ కదలదు. స్టోర్సులో రెండో బీరువాలో అలాంటివి ఆరు ఉన్నాయి. అత్యవసర ఇండెంటు పెట్టారు. అది వెళ్ళి నా పేరు దగ్గర కూర్చుంది. నాకు లాగిన్ లేదు. ఆఫీసరు తెరలో ఏమీ లేదు. అమ్మాయి తెర మీద మాత్రం ఒకటే మాట, ఆమోదం కోసం వేచి ఉంది.

తరువాత జరిగినవి నేను చూడలేదు. కౌంటర్ దగ్గర నిలబడి విన్నవాళ్ళు చెప్పారు. ఫెర్రీ ఇంజను గదిలో పనిచేసే ఆయన రోజూ వచ్చేవాడట.

"దీదీ, వో తో ఉధర్ హీ పడా హై! నా కళ్ళకి కనబడతోంది, రెండో బీరువా, మూడో అర. చెయ్యి పెట్టి తీసి ఇచ్చెయ్యి."

"స్లిప్ లేదు భయ్యా."

"స్లిప్ పెట్టుకుని ఇంజను నడుపుతానా నేను?"

"నాకూ బాధగానే ఉంది భయ్యా. కాని ఇవ్వలేను."

"అంటే మొత్తం బాంబూఫ్లాట్‌వాళ్ళు ఈదుకుంటూ రావాలా?"

"మీ ఆఫీసులో అడగండి, ఇండెంట్ మళ్ళీ పెట్టమని."

మళ్ళీ పెట్టారు. అదీ వెళ్ళి అక్కడే కూర్చుంది. అమ్మాయి ఆఫీసరుకి చెబితే, "నా దగ్గరికి ఏమీ రాలేదే, నువ్వే ఎక్కడో తప్పు నొక్కావు" అన్నాడు. మెయిన్‌లాండ్ హెల్ప్‌డెస్క్‌కి ఫోన్ చేసింది. వాళ్ళు కంప్యూటర్ ఆపి మళ్ళీ పెట్టమన్నారు. పెట్టింది. బ్రౌజర్ శుభ్రం చేయమన్నారు. చేసింది. చివరికి, "మీ ఐలాండ్స్‌లో నెట్ స్లో కదా మేడమ్, కాస్త వెయిట్ చేయండి" అన్నారు. ఆ మాట ఆమె నాకు చెబుతూ నవ్వింది గాని, కళ్ళు నవ్వలేదు.

మిగిలిన చిన్న ఫెర్రీల్లో జనం తొక్కిసలాట. బండ్లవాళ్ళు రోడ్డు మీద చుట్టూ తిరిగి రావలసి వచ్చింది. ఇక్కడి పేపర్లో ఫొటో పడింది. పేపర్లో పడితే ఎవరో ఒకరి పేరు పైకి పంపించాలి. ఇండెంటు పట్టుకుని కూర్చున్నది కౌంటర్ అమ్మాయి అని అప్పటికే జెట్టీ అంతా అనుకుంటోంది. తొమ్మిదో రోజు నాకు జీపు వచ్చింది.

ఆ ఇరవై నిమిషాల ప్రయాణంలో నా అంత గొప్పవాడు పోర్ట్‌బ్లెయిర్‌లో లేడు. డ్రైవరుకి కూడా చెప్పాను, నేను లేకపోతే పదిహేను రోజులు కూడా నడపలేకపోయారు చూశావా అని.

వెళ్ళగానే ఆఫీసరు గదిలో ముందు కుర్చీ మార్పించాను. కీబోర్డు తుడిపించాను. చక్కెర లేని టీ తెప్పించాను. తరువాత అమ్మాయిని పిలిచి అడిగాను.

"ఏటమ్మా, ఏ రోజు నుంచి?"

"ఒకటో తారీకు నుంచి పెట్టినవన్నీ అంకుల్."

నేను రిటైరైన మర్నాడు.

"అన్నీ ఆగాయా?"

"కాదు. అత్యవసరం అని పెట్టినవే. మొత్తం ఏడు. మామూలువి టక్‌మని వెళ్ళిపోతున్నాయి. నేనేమనుకుంటున్నానంటే అంకుల్, తప్పు కౌంటర్ దగ్గర లేదు. ఇక్కడి నుంచి వెళ్ళాక, ఆఫీసరు దగ్గరికి చేరే లోపల, మధ్యలో ఎవరో ఉన్నారు."

చూడండి, ఎంత సూటిగా కనిపెట్టిందో. మెయిన్‌లాండ్‌లో ఎవరికీ తట్టనిది. టీ గ్లాసు కింద పెట్టాను. ఎవరున్నారో నాకు తెలిసిపోయింది.

"ఎవరి దగ్గర ఆగిందో ఎక్కడైనా కనబడుతుందా అంకుల్?"

"అది మనకి కనబడదమ్మా. మెయిన్‌లాండ్‌వాళ్ళకే."

కనబడుతుంది. ఇండెంటు తెర మీద పైన కుడివైపు ఒక బొత్తాం ఉంటుంది, నొక్కితే ఎవరెవరి చేతుల్లోంచి వెళ్ళిందో వరసగా వస్తుంది. నేను శిక్షణలో ఆ బొత్తాం ఎవరికీ చూపించలేదు. అన్నీ చెప్పేస్తే నా దగ్గరికి ఎవరు వస్తారు?

సర్వర్ లోపలి పని, పాస్‌వర్డులు ఉంటాయి, అందరూ బయటికి వెళ్ళండి అన్నాను. వెళ్ళారు. ఆఫీసరు అద్దం కింద చీటీ ఇంకా ఉంది. ఆ మూడు గడులు తెరిచాను. నా పేరు, నా తొమ్మిదులు. ఆఖరి తేదీ కొట్టేసి నిన్నటి తేదీ వేశాను. ఆగిపోయిన ఏడింటినీ మళ్ళీ పంపించాను. ఏడూ ఆఫీసరు తెరలో ఎర్ర అంకెగా లేచాయి. టీ ఇంకా వేడిగానే ఉంది.

ఇంత త్వరగా బయటికి వెళ్తే ఏమనుకుంటారు? తలుపు వేసుకుని కూర్చున్నాను. పాత స్టాకు జాబితాలు చదివాను. ఎప్పుడో విరిగి పోయిన ఒక పడవ లంగరు ఇంకా మా పుస్తకాల్లో ఉందని గమనించాను. మధ్యమధ్య కీబోర్డు గట్టిగా కొట్టాను, బయటికి వినబడేలా. మూడు గంటలు అలా నడిచింది. అవతల రేవులో ఇంజను వాళ్ళు ఆ రబ్బరు చక్రం కోసం ఎదురుచూస్తున్నారు. నా గొప్ప కోసం వాళ్ళని ఇంకో మూడు గంటలు నిలబెట్టాను.

తలుపు తీసి, "అయ్యింది" అన్నాను. ఆఫీసరు చెయ్యి పట్టుకుని ఊపాడు. నన్ను మళ్ళీ ఆ గదిలోకి తీసుకెళ్ళాడు. ఆ అమ్మాయి గుమ్మం దగ్గర రిజిస్టర్ పట్టుకుని నిలబడి ఉంది. ఆయన గొంతు తగ్గించి అడిగాడు.

"సచ్ బతాయియే దాదా, లడ్కీ కీ గల్తీ థీ?"

అమ్మాయి తప్పేనా అని. కాదు సార్ అంటే సరిపోయేది. రెండు మాటలు. అయితే తరువాతి ప్రశ్న, మరి ఎవరిది అని వస్తుంది. ఆ ప్రశ్న రాకుండా ఉండాలి. పైగా ఆ క్షణంలో నాకు పెద్దమనిషిలా కనిపించాలనిపించింది. నేను ఇలా అన్నాను.

"బచ్చీ హై సర్. అన్జానే మే కుచ్ దబ్ గయా హోగా. మాఫ్ కర్ దీజియే."

చిన్నపిల్ల, తెలియక ఏదో నొక్కి ఉంటుంది, క్షమించేయండి. నేను అబద్ధం చెప్పలేదు చూడండి. నొక్కింది అనలేదు, నొక్కి ఉంటుంది అన్నాను. వేడుకున్నాను కూడా. తప్పు ఆమెదని చెప్పి ఉంటే ఆమె ఎదురు తిరిగేది, వాదించేది. క్షమించమని అడిగేసరికి ఆమె వాదించడానికి ఏమీ మిగలలేదు. ఆ అమ్మాయి నన్ను చూసింది. నేను గోడ మీద క్యాలెండర్ చూశాను.

ఆఫీసరు మంచివాడు. నా మాట మన్నించాడు. మెమో ఇవ్వలేదు. పేపర్లో పడిన గొడవకి పైకి ఏదో ఒకటి చూపించాలి కనుక బదిలీ ఇచ్చాడు. కాంప్‌బెల్ బే స్టోర్సుకి.

ఆర్డరు వచ్చిన మర్నాడు ఆమె మా ఇంటికి వచ్చింది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. సంచిలోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టింది. ఏడు ఇండెంట్లలో ఒకదాని చరిత్ర, ప్రింటు. నా పేరు, పక్కన తేదీలు.

"బొత్తాం దొరికింది అంకుల్," అంది. "పైన కుడివైపు ఉంది."

నేను కళ్ళజోడు కోసం వెతికినట్టు చేశాను. కళ్ళజోడు ముఖం మీదే ఉంది.

"నేనెవరికీ చూపించలేదు. చూపిస్తే మిమ్మల్ని పట్టుకుని పేపర్లో వేస్తారు. మీరే ఒక్క మాట చెప్పండి సాబ్‌కి. మిస్టేక్ హో గయా అని. మీకేమీ అవ్వదు, మీరు రిటైర్డ్. చూపు పోయినా అమ్మకి కంటి నొప్పికి నెలనెలా ఇంజెక్షన్ ఉంది. అక్కడ ఆ డాక్టర్ లేడు. ఇల్లు కొత్త, దారి కొత్త. నేను డ్యూటీకి పోతే ఆవిడ మంచం మీంచి దిగలేదు."

"రేపే వెళ్తానమ్మా," అన్నాను. "నాది పూచీ."

వెళ్ళాను. అది కూడా నిజం. ఆఫీసరు లేచి నిలబడ్డాడు. కొత్తగా వచ్చిన ఇద్దరిని పిలిచి, "వీరే మన సర్వర్ బాగుచేసిన దాదా" అని పరిచయం చేశాడు. వాళ్ళు నమస్కారం పెట్టారు. సమోసా వచ్చింది. బదిలీ గురించి మొదలుపెట్టాను కూడా. "ఆ అమ్మాయి విషయం…" అన్నాను. ఆయన, "మీరు చెప్పబట్టే మెమో లేకుండా వదిలాను, ఆప్ కీ ఇజ్జత్ హై" అన్నాడు. నాకు నోటి నిండా సమోసా ఉంది. అది మింగే లోపల మాట దాటిపోయింది. బయటికి వచ్చి అమ్మాయికి ఫోన్ చేసి, చెప్పాను గాని వినలేదమ్మా అన్నాను.

"అచ్ఛా అంకుల్," అంది ఆమె.

ఓడ హాడో రేవు నుంచి మధ్యాహ్నం. చర్చివాళ్ళు నలుగురు వచ్చారు. నేను రాకుండా ఉంటే బాగుండేది, కాని వరండాలో కథ చెప్పినవాణ్ణి, వెళ్ళకపోతే అడుగుతారు. తల్లి ఒక ట్రంకు పెట్టె మీద కూర్చుని ఉంది. తీగలు, గొలుసులు, జనం అరుపులు, ఏ చప్పుడు ఎటు నుంచి వస్తోందో తెలియక తల అటూ ఇటూ తిప్పుతోంది. చర్చిలో పాడేటప్పుడు ఆ తల ఎంత నిలకడగా ఉంటుందో. నా గొంతు వినగానే చేతులు చాచింది.

"అన్నయ్యగారూ, మా పిల్ల తరపున సాబ్‌తో మాటాడేరంట కదా. రిమార్కు పడకుండా కాసేరంట. మీరు లేకపోతే ఉద్యోగమే పోయుండును. ప్రభువు మిమ్మల్ని దీవించాలి."

నా చేతులు ఆవిడ చేతుల్లో ఉన్నాయి. చెప్పేయాలనుకున్నాను. నిజంగా నోరు తెరిచాను. అమ్మాయి నా మోచెయ్యి పట్టుకుని పక్కకి లాగింది.

"ఇప్పుడొద్దు అంకుల్. ఇప్పుడు చెబితే మీకు బరువు దిగి హల్కా అవుతుంది. ఆవిడకి రెండు రోజులు ఓడలో ఏడుపు. ఆవిడకి అక్కడ ధైర్యంగా ఉండడానికి అదొక్కటే ఉంది, మంచోళ్ళు మన కోసం మాటాడేరు అని. అది తీసేయకండి."

నేను తల ఊపాను.

"ఒక్కటి అడుగుతాను. తీయడం మరిచిపోయారా? కావాలని ఉంచేరా?"

"మరిచిపోయానమ్మా. వయసు."

"అలాగైతే ఫరవాలేదు," అంది. తల్లి దగ్గరికి వెళ్ళి, "లే అమ్మా, ముందు మెట్లున్నాయి, చాలా మెట్లు" అంది. ఆవిడ ఒక్కో మెట్టుకీ కాలితో తడుముకుంటూ ఎక్కింది. వెనక క్యూలో ఎవరో తొందరపెట్టారు. అమ్మాయి వెనక్కి తిరిగి హిందీలో ఏదో గట్టిగా అంది. ఆ గొంతు కౌంటర్ గొంతు.

మరిచిపోలేదు. పైన మరిచిపోయానని రాశాను. అది కూడా సర్దుకుంటున్నాను. రిటైరైన రోజు, దండ మెడలో ఉండగానే, ఆఖరిసారి ఆఫీసరు కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఆ మూడు గడులు తెరిచాను. నా పేరు తీసేయడానికి వేలు పెట్టాను. తరువాత అనుకున్నాను, ఉండనీ. ఏదో ఒకటి ఆగుతుంది. అప్పుడు పిలుస్తారు. ఒక్కసారి పిలుస్తారు కదా. ఏ ఫెర్రీ ఆగుతుందో, ఎవరి మీద పడుతుందో అనుకోలేదు. అనుకోలేదు అంటే అనుకోవాలనిపించలేదు.

ఓడ వెళ్ళిన వారానికి అంతా రాశాను. తొమ్మిదులు, మూడు గంటలు, దండ, అన్నీ. తీసుకెళ్ళి ఆఫీసరు చేతిలో పెట్టాను. నిలబడే ఉన్నాను. ఆయన మొదటి పేజీ చదివాడు, రెండో పేజీ చదివాడు, మడిచాడు.

"దాదా," అన్నాడు హిందీలో, "ఈ ఆర్డరు రద్దు చేయాలంటే, నేను తప్పు ఆర్డరు ఇచ్చానని రాయాలి. ఆర్డరులో తప్పు అని ఎక్కడుంది? పరిపాలనా కారణాలు అని ఉంది. మూడేళ్ళు పూర్తయ్యాక ఆమే అర్జీ పెట్టుకుంటుంది."

"ఆవిడకి కళ్ళు లేవు సర్. తల్లికి."

"మీ వయసులో ఇంత మనసుకి తీసుకోకూడదు." కాగితాలు నాకే తిరిగి ఇచ్చాడు. కుర్చీ వెనక్కి జరిపి లేచాడు. "అచ్ఛా, ఎలాగూ వచ్చారు. పొద్దుట నుంచి స్టాకు రిపోర్టు తెరుచుకోవడం లేదు. కొత్త కుర్రాళ్ళకి ఏమీ తెలియడం లేదు. ఒక్కసారి చూస్తారా?"

బయట నలుగురు నా కోసం ఎదురుచూస్తున్నారు. ఒకాయన అప్పటికే కుర్చీ లాగి పెట్టాడు. ఇంకొకాయన, చక్కెర లేకుండా కదా దాదా, అని అడిగాడు.

కాగితాలు జేబులో పెట్టుకున్నాను. కూర్చున్నాను.